కన్యా, వితంతువా?

బుధవారం మధ్యాహ్నం. మకారియో కుట్టుగది. గుమ్మంలో దోన్యా ఒతీలియా, చేతిలో మూతపెట్టిన గిన్నె.

"...అందుకే అంటాను, నల్లదారమంతా నల్లగా ఉండదని. గదిలో చూస్తే నలుపే. ఎండలోకి తీసుకెళ్తే ఒకటి నీలం తిరుగుతుంది, ఒకటి ఎరుపు తిరుగుతుంది. చర్చిలో మాత విగ్రహానికి వేసే ముసుగుకి ఏది పనికొస్తుందో వాకిట్లో నిలబడి చూస్తే గానీ... మీరింకా నిలబడే ఉన్నారేంటి దోన్యా ఒతీలియా? కూర్చోండి. ఆ గిన్నె అక్కడ పెట్టండి."

"కూర్చుంటాలే మకారియో. నువ్వు కుట్టుకో."

"ఏంటి గిన్నెలో?"

"కపిరొతాదా. ఈస్టరు ముందు పండగ వారం కదా."

"బెల్లం పాకం గట్టిగా పట్టారా?"

"పట్టాను. రొట్టె, జున్ను, వేరుశెనగ. నీకిష్టమని."

"ఎండుద్రాక్ష?"

"వెయ్యను కదా."

"నాకు ఎండుద్రాక్షంటేనే ఇష్టం దోన్యా. ఊళ్ళో అందరికీ అదే ఇష్టం. మీ ఇంట్లో అంపారో దోన్యా ఒక్కావిడకే పడేది కాదు."

"అలవాటు. చెయ్యి అలా పోతుంది."

"ఆవిడ పోయి ఇన్ని నెలలైనా?"

"చేతికి నెలలు తెలుస్తాయా? కుట్టు, కుట్టు. రేపటికి కావాలి."

"మీరు గిన్నె తెచ్చినప్పుడల్లా నాకు గుండె జారుతుంది. మా అమ్మ చూపు ఇక రాదని డాక్టరు చెప్పిన రోజు ఇలాగే గిన్నెతో వచ్చారు. బడివాళ్ళు యూనిఫాంల పని సగం వేరే దర్జీకి ఇస్తున్నారని కబురు తెచ్చిన రోజూ గిన్నే."

"ఊరికే రాకూడదా? జ్ఞానస్నానం రోజు నిన్ను ఎత్తుకున్నదాన్ని. నా జ్ఞానపుత్రుడింటికి నేను రాకూడదా?"

"రావచ్చు. గిన్నె లేకుండా రావచ్చు."

"నీకేదైనా చెప్పాలంటే ముందు తిండి పెట్టాలని మీ అమ్మే నేర్పింది నాకు."

"అంటే చెప్పేది ఉంది."

"ఉందని కాదు."

"లేదనీ కాదు."

"రేపు మాతకి ఊదా బట్టలు తీసి నల్లబట్టలు కట్టాలి కదా."

"దానికే కదా ఈ ముసుగు. ఏటా చేసేదే. మధ్యాహ్నం మాతకి బట్టలు కట్టే మీ చెలికత్తెలంతా వస్తారు, నేను వస్తాను, తలుపు వేసుకుంటాం..."

"అదే. తలుపు."

"తలుపుకేమైంది? మళ్ళీ గడియ ఊడిందా? రుఫీనోని పంపిస్తాను."

"గడియ బాగానే ఉంది. రుఫీనోని పంపకు. అసలిప్పుడు ఆ పేరే..."

"ఆ పేరే?"

"ఇంట్లో ఉన్నాడా?"

"పెరట్లో. పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు."

"అయితే మెల్లగా మాట్లాడు."

"నా ఇంట్లో నేను మెల్లగా మాట్లాడాలా?"

"నీ ఇంట్లో కాబట్టే. కసిల్దా నిన్న మా ఇంటికొచ్చింది."

"పాపం మీకు."

"ఫోనులో ఫోటో చూపించింది. నువ్వూ అతనూ, ప్యూబ్లా పట్నంలో, ఏదో ఆఫీసు మెట్ల మీద. ఇద్దరి కోట్లకీ పువ్వులు."

"బాగున్నాయా పువ్వులు?"

"బాగున్నాయి. తెల్లవి."

"కసిల్దా ఆ ఫోటోకి ఎర్ర గుండె బొమ్మ పెట్టింది. చూసి సంబరపడ్డాను కూడా. ఏమో, మారిందేమో అనుకున్నా."

"ఆ గుండె పెట్టే మా ఇంటికొచ్చింది. 'చూశారా దోన్యా, ఇద్దరూ ఎంత ముద్దుగా ఉన్నారో, ఇంక వీణ్ణి లోపలికి రానివ్వకూడదు' అంది. ఒకే ఊపిరిలో."

"మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదా?"

"తనకి అభ్యంతరం ఏమీ లేదంది. తను ఈ కాలం మనిషినంది. టీవీ సీరియల్లో మీలాంటి జంట విడిపోతే అన్నం మానేసి ఏడ్చిందట. కానీ నియమం నియమమే కదా అంది."

"ఏ నియమం?"

"నీకు తెలీదా?"

"తెలుసు. మీ నోట వినాలి."

"మాత బట్టలు మార్చే గదిలోకి మగాడు రాకూడదు. ఫాదరైనా సరే, గడప బయటే. పెళ్ళయిన ఆడదీ రాకూడదు. మొగుడి పక్కన పడుకున్న చెయ్యి ఆవిడ ఒంటి మీద పడకూడదు. కన్య అయినా కావాలి, వితంతువైనా కావాలి. మా అవ్వల అవ్వల నాటి మాట."

"మరి నేనెలా వచ్చాను ఇన్నేళ్ళూ?"

"మీ అమ్మ వెనకాలే వచ్చేవాడివి. గుండుసూదుల డబ్బా పట్టుకుని."

"తర్వాత మీసాలొచ్చాయి."

"వచ్చాయి."

"మీసాలొచ్చాక?"

"అప్పటి ముసలి ఫాదర్ని అడిగాం. 'ఎవరు, మకారియోనా? వాడు లెక్కలోకి రాడులే అమ్మా' అన్నాడు."

"లెక్కలోకి రాడు."

"మంచి మనసుతోనే అన్నాడు."

"మీరంతా మంచి మనసుతోనే నవ్వారు కూడా. తాళంచెవి పట్టుకుని మీరు తలుపు దగ్గర నిలబడతారు. ఒక్కొక్కర్నీ అడుగుతారు, 'కన్యా, వితంతువా?' అని. నా వంతు రాగానే నేను 'కన్య' అంటాను. అంతే, పగలబడి నవ్వుతారు. కసిల్దా అయితే గోడ పట్టుకునేది. ఆ నవ్వే నా టికెట్టు."

"నువ్వూ నవ్వేవాడివి."

"టికెట్టు దొరికినవాడు ఏడుస్తాడా? అది సరే, కసిల్దా ఏమంటుంది తలుపు దగ్గర?"

"వితంతువు అంటుంది."

"వాళ్ళాయన మొంటెర్రేలో ఉన్నాడు. రెండో సంసారం, ముగ్గురు పిల్లలు, టైర్ల దుకాణం."

"తన మటుకు తనకి చచ్చినట్టేనట."

"దానికి ఎవరూ నవ్వరు."

"నవ్వితే బాగుంటుందా, చెప్పు? ఒంటరి ఆడది."

"బాగోదు. ఇప్పుడు నా సంగతి చెప్పండి. ఇన్నేళ్ళూ లెక్కలో లేనివాణ్ణి ఇప్పుడెలా లెక్కలోకి వచ్చాను?"

"పెళ్ళి చేసుకున్నావు."

"ఏంటన్నారు?"

"పెళ్ళి చేసుకున్నావు అన్నాను."

"ఇంకొక్కసారి."

"చెవుడా నీకు? పెళ్ళి చేసుకున్నావు! పెళ్ళయినవాడివి నువ్వు!"

"రుఫీనో! ఒరేయ్ రుఫీనో! ఉన్నవాడివి ఉన్నట్టు రా!"

"ఎందుకు పిలుస్తావు? మెల్లగా మాట్లాడమన్నానా..."

"ఏంటి మకారియో, ఇల్లంటుకుందా? చేతుల నిండా గ్రీజు... ఓ, దోన్యా ఒతీలియా. నమస్కారం. చెయ్యి ఇవ్వలేను, చూశారుగా."

"రుఫీనో, విను. దోన్యా ఇందాక ఒక మాటన్నారు. మనిద్దరికీ పెళ్ళయిందట."

"అయింది కదా. నేనూ వచ్చాను."

"ఈ ఊళ్ళో ఒప్పుకున్న మొదటి మనిషి ఈవిడే. మా అన్న ఒప్పుకోలేదు. మీ చెల్లెలు 'ఆ మధ్య మీరు ప్యూబ్లా షికారు వెళ్ళారు కదా' అంటుంది. దోన్యా ఒప్పుకున్నారు. నన్ను బయటికి పంపించడానికే అనుకో. అయినా ఒప్పుకోవడం ఒప్పుకోవడమే."

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాట కాదు దోన్యా. మోటారులో పడి నా వేలు తెగినప్పుడు క్లినిక్కులో నర్సు మకారియోని చూపించి ఈయన మీకేమవుతాడు అంది. భర్త అన్నాను. 'ఓ, తమ్ముడా, ఇక్కడ కూర్చో నాయనా' అంది వీడితో. పెద్దావిడ, పైగా కుట్లు వేస్తోంది, వాదించలేకపోయాను."

"బేకరీ సంగతి చెప్పు రుఫీనో."

"ఆ, బేకరీ. ఇద్దరం కలిసి వెళ్ళి పది రొట్టెలడిగితే ఐదూ ఐదూ రెండు సంచుల్లో కడతాడు. ఒకదాంట్లోనే వెయ్యవయ్యా అంటే 'మీవీ ఆయనవీ కలిసిపోతాయి సార్' అంటాడు."

"ఈ నెల నుంచి బడి పిల్లల తల్లులు యూనిఫాంల కొలతలు ఇంట్లోనే తీసి పంపిస్తున్నారు. 'మీకెందుకు శ్రమ దోన్ మకారియో' అంటున్నారు. ఇంత దయగల ఊరు ఇంకెక్కడైనా ఉందా?"

"ఊరు మంచిదే. ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు."

"అదే నేనూ అంటున్నా. ఒక్క మాట అనలేదు."

"దోన్యా, నా సంగతేంటి? శుక్రవారం ఊరేగింపులో నేను మాత పల్లకీ మొయ్యాలి. ముందు వరస, ఎడం పక్క. నన్నూ తీసేశారా?"

"నిన్నెందుకు తీస్తాం రుఫీనో? నువ్వు మోసేవాడివి."

"నాదీ అదే పెళ్ళి. అవే మెట్లు, అవే పువ్వులు."

"మోసేవాళ్ళని ఎవరేం అడుగుతారు? ఎత్తు సరిపోతే చాలు."

"అర్థమైందా రుఫీనో? భుజానికి పెళ్ళి కాదు. చేతికే అవుతుంది."

"కసిల్దా ఇంకోటి కూడా అడిగి రమ్మంది. నేను అడగను."

"అడగండి."

"సిగ్గు. వదిలెయ్."

"ఇంత దూరం వచ్చారు, అది కూడా కానివ్వండి."

"మీ ఇద్దర్లో... మొగుడెవరు అని."

"గిన్నెలు కడిగేవాళ్ళు పెళ్ళామైతే నేను పెళ్ళాన్ని దోన్యా. వంట చేసేవాళ్ళైతే వీడు. దీపం వైరు మార్చేది నేను, ఎలకని చూసి కుర్చీ ఎక్కేదీ నేనే. ఏది రాసుకుంటుందో రాసుకోమనండి."

"ఉండు రుఫీనో. నేను మొగుణ్ణయితే మగాణ్ణి, గదిలోకి రాకూడదు. పెళ్ళాన్నయితే పెళ్ళయినదాన్ని, అప్పుడూ రాకూడదు. ఎటు తిప్పినా బయటే. మరి అడగడమెందుకు?"

"తెలుసుకుందామని. ఊరికే. అదంతా వదిలెయ్ మకారియో, నేను దారి కనుక్కునే వచ్చాను. పొద్దున్నే ఫాదర్ దగ్గరికెళ్ళాను."

"కొత్తాయన దగ్గరికా?"

"ఆయనే. చదువుకున్నవాడు. చక్కగా విడమరిచి చెప్పాడు. చర్చి దృష్టిలో ప్యూబ్లాలో సంతకాలు పెట్టింది పెళ్ళే కాదన్నాడు. చెడ్డపెళ్ళి అని కాదు, అసలు జరగలేదన్నాడు. లేదు, అంతే. లేనిదానికి నియమమెక్కడిది? కాబట్టి నువ్వు ఇంకా పెళ్ళికానివాడివే. రేపు ఎప్పటిలాగే 'కన్య' అను. లోపలికి రా. కసిల్దా నోరు నేను మూయిస్తాను."

"అబ్బ."

"ఎలా ఉంది?"

"అంటే, నేనంటే గిట్టని కసిల్దా నాకు పెళ్ళయిందంటోంది. నన్ను ఎత్తుకు పెంచిన మీరు నాకు పెళ్ళికాలేదంటున్నారు. ఇద్దర్లో ఎవరికి దండం పెట్టాలి నేను?"

"ఒక్క మాట నాయనా. ఒక్క మాటంటే ఏం పోతుంది?"

"నేను పోతాను దోన్యా. ఆ మాటలో పోయేది నేనే."

"నువ్వూరుకో రుఫీనో. నువ్వెక్కడికీ పోవు. ఇంటికొచ్చాక నీ చోటు నీకుంటుంది. తలుపేసుకున్నాక మీ ఇంట్లోకి ఎవరు తొంగిచూస్తున్నారు? బయట ఒక మాట, ఇంట్లో ఒక మనిషి. అంతా అలాగే బతికారు."

"ఎవరు, అంతా?"

"అంతా. మనుషులు."

"మీకు తెలిసినవాళ్ళా?"

"కాఫీ ఏమైనా ఉందా?"

"పెడతాను. మీరేమంటారు దోన్యా, తలుపు దగ్గర?"

"నేను అనడమేంటి? నేను అడిగేదాన్ని."

"అందర్నీ అడిగాక చివర మిగిలిన మనిషి మిమ్మల్ని అడగాలి కదా. తాళంచెవి చేతిలో ఉన్నా సరే."

"తెలిసిందే. కన్య అంటాను. నాకెప్పుడైంది పెళ్ళి?"

"ఎప్పుడూ అంపారో దోన్యాయే చివర నిలబడేది."

"నెమ్మది మనిషి. వెనకబడిపోయేది."

"ఆవిడే మిమ్మల్ని అడిగేది. నా వంతు అయిపోయి నేను గడప మీదే ఉండేవాణ్ణి, చూసేవాణ్ణి. అందరూ నా మాటకి ఇంకా నవ్వుతుండేవాళ్ళు. ఆవిడ నవ్వకుండా అడిగేది. మీరు ఆవిడ మొహంలోకి చూసి 'కన్య' అనేవారు."

"మొహంలోకి చూడక నేలకేసి చూడమంటావా?"

"మీరు చెప్పాక ఆవిడ కాసేపు ఆగేది. తర్వాతే 'లోపలికి పద' అనేది."

"ఉబ్బసం. ఊపిరందేది కాదు."

"ఓహో."

"ఆ గదిలో ధూపం పొగ కదా. పడేది కాదు."

"ఆవిడ మీకేమవుతుంది దోన్యా?"

"కొత్తగా అడుగుతావేం? పినతల్లి కూతురు. ఊరంతటికీ తెలుసు."

"ఏ పినతల్లి?"

"దూరపు పినతల్లి. వేరాక్రూస్ వైపు."

"ఆవిడ శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను దోన్యా."

"తెలుసు రుఫీనో. నీ మేలు మర్చిపోను."

"మేలని కాదు. వాళ్ళన్నయ్య వచ్చాడు కదా, వేరాక్రూస్ నుంచి. ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఊరంతా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఓదార్చింది. మా చెల్లి ఎప్పుడు పోయింది, రాత్రా, పగలా అని ఆయన నన్నే అడిగాడు. నేను మీకోసం చూశాను. మీరు వంటింట్లోంచి బయటికే రాలేదు."

"అంతమంది వచ్చారు. కాఫీ ఎవరు పెడతారు?"

"ఎవరో ఒకరు పెట్టాలి."

"అదే. ఎవరో ఒకరు. కప్పులు కూడా చాలలేదు. కడగడం, పొయ్యడం, మళ్ళీ కడగడం. దాంతోనే సరిపోయింది. మంచిదే అయింది. దాంతోనే సరిపోయింది."

"రుఫీనో, చేతులు కడుక్కో. కాఫీ నువ్వు పెట్టు. దోన్యా, ఎల్లుండి సాయంత్రం ఊరంతా వరసకట్టి మాతని పరామర్శిస్తారు. కొడుకు పోయాడని ఆ కొయ్య స్వరూపం చెయ్యి ముట్టుకుని, 'నీ దుఃఖంలో మేమున్నాం తల్లీ' అంటారు. కళ్ళు తుడుచుకుంటారు కూడా. మీరూ నిలబడతారు ఆ వరసలో."

"చిన్నప్పట్నుంచీ."

"మిమ్మల్ని ఎవరైనా పరామర్శించారా?"

"నన్నెందుకు? దూరపు చుట్టాన్ని."

"అవును. దూరపు పినతల్లి."

"కపిరొతాదా చల్లారిపోతోంది."

"అది చల్లగానే తింటారు."

"అయితే తిను! తినకుండా ప్రశ్నలెందుకు?"

"తింటున్నా. బాగుంది. ఎండుద్రాక్ష ఉంటే ఇంకా బాగుండేది."

"రేపేమంటావో చెప్పు. నాకు రాత్రి నిద్రపట్టాలి."

"మీరడిగేది రెండే కదా. కన్యా, వితంతువా. మొదటిది అబద్ధం. రెండోది నిజం కావాలంటే రుఫీనోని చంపాలి."

"పండగ వారంలో చంపకు మకారియో. మోసేవాళ్ళు దొరకరు."

"నేను హాస్యాలకి రాలేదురా! మీ ఇద్దరికీ ప్రతిదీ హాస్యమే. అంపారో లేదు. నువ్వూ రాకపోతే ఆ గదిలో ఎవరున్నారు? కసిల్దా, నేను, ఫోనులు పట్టుకునే ఆ కొత్తపిల్లలు. ఏటా మాత బట్టలు తీసేటప్పుడు ఆవిడ చేతులు నువ్వు పట్టుకుని నిలబడేవాడివి, అంపారో వెనకనుంచి ముడి విప్పేది. ఇప్పుడు నేనొక్కదాన్నే..."

"అంటే నేను రావాలనే ఉంది మీకు."

"లేకపోతే గిన్నెందుకు పట్టుకొస్తాను?"

"నాకూ రావాలనే ఉంది దోన్యా. ఆ గదిలో అందరూ మాతని చూస్తారు. నన్నెవరూ చూడరు. ఏడాది మొత్తంలో ఆ ఒక్క మధ్యాహ్నం నేనేమిటో నాకు గుర్తుండదు. దానికోసమే తలుపు దగ్గర అంతమందినీ నవ్వించేవాణ్ణి."

"అయితే ఇంకొక్కసారి నవ్వించు."

"చూస్తాను."

"చూడ్డానికేముంది? ఒక్క మాట."

"చూస్తానన్నాను కదా. గిన్నె కడిగి రేపు తెచ్చిస్తాను."

"ఉంచుకో. అంపారోది. ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి, దానివి."

గురువారం మధ్యాహ్నం. చర్చి వెనక గది, తలుపు బయట.

"తోసుకోకండి. ఒక్కొక్కరే. మీరంతా అయిపోయారు, లోపలికెళ్ళండి. నువ్వు రా కసిల్దా. కన్యా, వితంతువా?"

"వితంతువు. రోజూ చూస్తూనే ఉంటారు, మళ్ళీ అడుగుతారేంటి దోన్యా ఒతీలియా?"

"అడగాలి. లోపలికి పద."

"ఇదిగో, గడప మీద నిలబడతాను. చివర మకారియో ఉన్నాడు. ఏమంటాడో వినాలి నేను."

"గడప ఎక్కావంటే లోపల ఉన్నట్టే. నోరు తెరవకూడదు."

"నోరు తెరవను. చెవులు తెరుస్తాను."

"మకారియో. ముందుకి రా నాయనా. ముసుగు తెచ్చావా? ఏదీ... బాగా కుదిరింది."

"నీలం తిరగదు. ఎండలో చూశాను."

"మంచిది. ఎప్పటిలాగే, ఒక్క మాట. కన్యా, వితంతువా?"

"దోన్యా, నేను నిన్న సాయంత్రమంతా..."

"ఉపన్యాసం వద్దు. ఎండ మండిపోతోంది. కన్యా, వితంతువా?"

"పెళ్ళయినవాణ్ణి."

"విన్నారా! అందరూ విన్నారా! తన నోటితోనే అన్నాడు!"

"చెవులన్నావు కసిల్దా. చెవులు."

"ఇంకా చెవులేంటి దోన్యా?"

"మకారియో, నా ప్రశ్న నీకు సరిగ్గా వినపడలేదేమో. మళ్ళీ అడుగుతాను."

"వినపడింది దోన్యా. ఎన్నిసార్లడిగినా అదే. పెళ్ళయినవాణ్ణి. రుఫీనోతో. ప్యూబ్లాలో. తెల్లపువ్వులు."

"అయ్యో మాతా."

"ఒకటి గమనించారా? ఈసారి ఎవరూ నవ్వలేదు."

"నవ్వడానికేముంది మకారియో? మేమంతా నీ సుఖం కోరేవాళ్ళమే. ఫోటో ఎంత బాగుందని, నేను గుండె కూడా పెట్టాను. కానీ నియమం నియమమే. ముసుగిలా ఇచ్చి వెళ్ళు."

"ఇదిగో కసిల్దా. గుండుసూదులు ఈ డబ్బాలో ఉన్నాయి. మాత కుడిచెయ్యి మెల్లగా పట్టుకోండి, మణికట్టు దగ్గర వదులైంది."

"వెళ్ళిపోతావా మకారియో?"

"వెళ్తాను దోన్యా. ఒక్క పని మిగిలింది."

"ఏంటది?"

"మిమ్మల్ని అడగాలి. అందరి వంతూ అయ్యాక, చివర మిగిలినవాళ్ళు తాళంచెవి ఉన్న మనిషిని అడగాలి. గడప బయట ఇంక నేనొక్కణ్ణే ఉన్నాను."

"నేనడుగుతాలే. ఆలస్యమవుతోంది."

"నువ్వు గడప మీదున్నావు కసిల్దా. లోపల ఉన్నట్టే. నియమం నియమమే."

"సరే, అడిగి తగలడు. ఏముంది, ఏటా చెప్పేదేగా ఆవిడ."

"దోన్యా ఒతీలియా. కన్యా, వితంతువా?"

"అక్కడ నిలబడ్డావేం నువ్వు?"

"ఎక్కడ?"

"అక్కడ. ఆ రాయి మీద. అంపారో చోటది."

"చివరి మనిషి ఇక్కడే నిలబడాలి కదా దోన్యా."

"అవును. అక్కడే."

"చెప్పండి దోన్యా! లోపల కొవ్వొత్తులు కరిగిపోతున్నాయి."

"ఉండు కసిల్దా. ఊపిరందట్లేదు."

"దోన్యా, కూర్చుంటారా? ఉబ్బసమా? ధూపం పొగ..."

"కాదు. ఎవరికీ లేదు ఉబ్బసం."

"నిన్న మీరు, అంపారో దోన్యాకి..."

"దానికీ లేదు. ఎప్పుడూ లేదు. నా మాట విని ఆగేది, అంతే. ఏటా ఆగేది. మకారియో, మళ్ళీ అడుగు. అది అడిగినట్టు అడుగు. నవ్వకుండా."

"కన్యా, వితంతువా?"

"వితంతువుని."

"ఏంటీ? దోన్యా, ఎండదెబ్బేమైనా తగిలిందా మీకు? మీకు పెళ్ళెప్పుడైంది, ఎవరు పోయారు?"

"మకారియో, ఈ తాళంచెవి పట్టుకో. లోపలికొచ్చి తలుపు వెయ్యి."

"దోన్యా ఒతీలియా, మిమ్మల్నే అడుగుతున్నా. మీకెవరు పోయారు?"

"పోయిన వానల్లో. మా ఇంట్లోనే. కాఫీ నువ్వూ తాగావు కసిల్దా. రెండు కప్పులు."